ఉద్దానం, టెక్కలి ప్రాంత క్రైస్తవ సంఘాల్లో సహవాసం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో టెక్కలి నుంచి పలాస, మందస, సోంపేట, కవిటిల ఉద్దానం మీదుగా ఇచ్ఛాపురం దాకా ఉన్న క్రైస్తవ సంఘాలు చాలావరకు చిన్నవి. జనగణన లెక్కల్లో జిల్లా మొత్తం మీద క్రైస్తవులు ఒక శాతానికి లోపే. ఒక ఊళ్లో నాలుగు కుటుంబాలుంటే పక్క ఊళ్లో రెండే ఉంటాయి. ఇలాంటి చోట ఒకరినొకరు ధైర్యపరచుకోవడం, ఒక ఇంటి సంతోషానికి సంఘమంతా కదలిరావడం ఆరాధనకు అదనంగా చేసే పని కాదు. అది లేకపోతే సంఘమే నిలవదు. పౌలు థెస్సలొనీకలోని కొత్త విశ్వాసులకు పరస్పర ఆదరణ గురించి అంత గట్టిగా రాసింది కూడా, చుట్టూ ఒత్తిడి మధ్య బతుకుతున్న ఇలాంటి చిన్న గుంపుకే.

ఈ ప్రాంతంలో సహవాసానికి మొదటి ఆధారం పాట. ఆ పాట పరాయి దేశం నుంచి రాలేదు. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంటివాళ్లకు, బంధువులకు దూరమైన ఆ మనిషి 1890లో చనిపోయేదాకా గంజాం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో సువార్త చెబుతూ తిరిగాడు. తెలుగులో వందకు పైగా కీర్తనలు రాశాడు. పల్లవి, చరణాలు, రాగం, తాళం అన్నీ ఈ నేల మీద భజన చేసేవాళ్లకు అలవాటైనవే. చదువు రానివాళ్లు సైతం రెండుసార్లు వింటే పల్లవి అందుకోగలరు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి పాడే ఆ పద్ధతిలో వినేవాడు, పాడేవాడు అనే తేడా ఉండదు. పాస్టరు నెలకోసారి మాత్రమే రాగలిగిన ఊళ్లకు ఇంతకన్నా తగిన సాధనం మరొకటి లేదు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనం ద్వారా ఆ పాటలు తెలుగు నేలంతటా, బాప్టిస్టు, లూథరన్ అన్న భేదం లేకుండా పాకాయి. తెలుగు క్రైస్తవుల ఉమ్మడి ఆస్తి ఏదని అడిగితే ముందు చెప్పుకోవలసింది ఈ కీర్తనలనే.

లండన్ మిషన్ 1805లోనే విశాఖపట్నంలో అడుగుపెట్టింది. కానీ టెక్కలి, సోంపేటల దాకా సంఘాలు కట్టింది కెనడా బాప్టిస్టులు. దాని వెనకా ఒక సహవాసం కథే ఉంది. నోవాస్కోషియాలోని కాన్సో అనే రేవు ఊళ్లో 1870లో హనా మరియా నోరిస్ స్త్రీలను కూడగట్టి మిషన్ సహాయ సంఘం పెట్టింది. ఆ ఏడాదే ఆమె ఊరూరా తిరిగి 32 సంఘాలు ఏర్పాటు చేసి బర్మాకు బయల్దేరింది. అక్కడ విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్లాడింది. కెనడా తూర్పు తీర రాష్ట్రాల బాప్టిస్టులు 1875లో తెలుగువారి మధ్య పనికి మళ్లినప్పుడు ఆ దంపతులు శ్రీకాకుళం చేరారు. సముద్రానికి అవతల చేపలు పట్టే ఊళ్ల ఆడవాళ్లు కూడబెట్టిన చిల్లర డబ్బు, సముద్రానికి ఇవతల ఇలాంటి ఊళ్లలోనే బడులకు, బైబిలు స్త్రీల జీతాలకు పనికొచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో పర్లాకిమిడి, టెక్కలి, సోంపేట మిషన్ కేంద్రాలయ్యాయి. 

బైబిలు స్త్రీల పాత్రకు చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు. మిషనరీ దొరసాని గడప దాటలేని ఇళ్లలోకి వీళ్లు వెళ్లారు. బాలింత పక్కన కూర్చున్నారు, అక్షరాలు నేర్పారు, కీర్తనలు పాడించారు. తెలుగు సంఘాల స్త్రీలు పాటిస్తూ వచ్చిన గుప్పెడు బియ్యం పద్ధతి కూడా ఈ పనికి తోడే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి విడిగా దాచి, ఆదివారం గుడికి తెస్తారు. చేతిలో పైసా లేని మనిషికి కూడా ఇవ్వడంలో ఉండే సంతోషం అందుతుంది.

అంతకన్నా లోతైన మార్పు సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు తెచ్చింది. కులానికో పంక్తి ఉన్న సమాజంలో రకరకాల ఇళ్లవాళ్లు ఒకే వరసలో కూర్చుని, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తినడం చిన్న విషయం కాదు. చౌదరి ‘కులాచార పరీక్ష’ రాసి వాదించిన సంగతి ఇక్కడ విస్తరి ముందు పరీక్షకు వచ్చింది. 1941లో మద్రాసులో మొదలైన సువార్తికుడు భక్త్‌సింగ్ ఉద్యమమూ తన కూటాల్లో సహపంక్తి భోజనానికి పెద్దపీట వేసింది. కులం సంఘాల్లోంచి పూర్తిగా పోయిందని ఎవరూ అనలేరు, పెళ్లి సంబంధాల దగ్గర అది ఇప్పటికీ తల ఎత్తుతుంది. అయినా ఆ విందు పంక్తి సాధించినదాన్ని తక్కువ చేయకూడదు.

సోంపేటలో ఈ సహవాసం ఆస్పత్రి రూపం తీసుకుంది. కెనడా బాప్టిస్టు వైద్యుడు బెన్ గలిసన్ అక్కడ కంటి శుక్లాలకు ఆపరేషన్లు చేసేవారు. ఆయన మాటలు విని కదిలిన కాల్గరీ వ్యాపారి ఆర్థర్ జెంకిన్స్ చొరవతో 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టింది. అనేక దేశాల్లో పనిచేసే ఆ సంస్థ మొదట అండగా నిలిచింది సోంపేట ఆస్పత్రికే. అక్కడ చూపు పొందడానికి ఏ మతం అన్నది అడ్డు కాలేదు.

కథోలికులకు 1993లో శ్రీకాకుళం కేంద్రంగా ప్రత్యేక మేత్రాసనం ఏర్పడింది. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు తర్వాత బాగా పెరిగాయి. వీటి మధ్య సిద్ధాంత భేదాలున్నా డిసెంబరులో ఇంటింటికీ తిరిగే క్యారల్స్, సెమీ క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, మట్టల ఆదివారం అందరివీ. ఉద్దానంలో మట్టలకు వెతుక్కోవలసిన పని లేదు, పెరటి కొబ్బరి చెట్టే ఇస్తుంది.

ఆ కొబ్బరి చెట్లనే 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, జీడి తోటలతో సహా కూల్చేసింది. దానికి చాలా ముందు నుంచే కిడ్నీ జబ్బు ఈ మండలాలను పీల్చేస్తోంది. పలాసలో డయాలసిస్ కేంద్రం, 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన ఆస్పత్రి వచ్చాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోగితో పాటు ఇల్లంతా అలిసిపోతుంది. జ్వరం తగ్గితే, ఆపరేషన్ గట్టెక్కితే సంఘాన్ని పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకోవడం తెలుగు క్రైస్తవుల అలవాటు. నయమైందని చెప్పుకునే రోజు రాని జబ్బుకు ఆ కూడిక పెట్టుకోవడం కష్టం. అక్కడ సంఘం చేయగలిగింది రోగి మంచం పక్కనే గృహ ప్రార్థన జరపడం, తోడుగా బస్సెక్కడం, మనిషి పోయాక ఆదరణ కూడిక నాడు ఆ ఇంటి పొయ్యి పనిని తాము అందుకోవడం. ఆ రోజు చాపల మీద సంఘస్థులతో పాటు ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలూ కూర్చుంటాయి.