కాకర్లవారి నౌక



మన బేస్తవారిపేటనుండి కంభము దాటి అర్ధవీడు వైపునకు పోయినచో కాకర్ల యను గ్రామము కానవచ్చును. త్యాగరాజస్వామి యింటిపేరు కాకర్ల. ఆయన పూర్వులు ఈ గ్రామమునుండియే దక్షిణదేశమునకు వలసపోయిరని పెద్దలు చెప్పుదురు. ఆయన 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున నివసించి, 1847లో సిద్ధి పొందెను. అరవదేశమున నుండియు ఆయన కృతులలో నధికభాగము తెలుగే.

త్యాగరాజన్నంతనే ఘనరాగ పంచరత్నములు స్ఫురించును. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని ఆ యైదు కృతులను చక్కగా పాడుటకు ఏండ్లకొలది సాధన కావలెను. అంతటి విద్వాంసుడు ఆ ప్రౌఢమార్గముననే నిలిచియున్నను ఎవ్వరును తప్పుపట్టరు. కాని ఆయన నిలువలేదు. భజనగోష్ఠులకై దివ్యనామ కీర్తనలను, భగవత్సేవలకై ఉత్సవసంప్రదాయ కీర్తనలను కూర్చెను. దివ్యనామములలో చరణము లన్నియు సాధారణముగా నొకే వరుసను నడచును. ఒకరు పాడగా పదిమంది అందుకొందురు.

ఈ వైవిధ్యమంతయు నొక్కచోట చూడవలెనన్న నౌకాచరిత్రమును చూడవలెను. ఇది 21 కృతులు, 43 పద్యములు గల చిన్న గేయనాటకము; రాగములు 13. కథ భాగవతమున లేదు, ఆయన కల్పనయే. గోపికలు తమ సొగసునకు గర్వించి కృష్ణునితో యమునలో ఓడనెక్కుదురు. గాలివాన వచ్చును, ఓడకు చిల్లి పడును. అహంకారము వీడి శరణు వేడినపిదప ఒడ్డు చేరుదురు. ఓడ నడపు వేడుక యొక తీరు, గర్వ మొక తీరు, భయ మొక తీరు, శరణాగతి యొక తీరు. మనసు మారినపుడెల్ల పాట వేషము మారును. భక్తి మాత్రము మారదు.

తేలిక వరుసలు పాండిత్యమునకు తక్కువ యనువారు కలరు. ఆ కాలముననే ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల వరుసలకు సంస్కృత సాహిత్యమును కూర్చెను. దానివలన ఆయన పాండిత్యమునకు లోపము కలిగినదా? వేరు గట్టిదైన చెట్టు ఎన్ని కొమ్మలు వేసిన నేమి?

పెద్దలారా! మీ భజనమందిరములలో తుమ్మెదపదము, ఏలపాట, మేలుకొలుపు, మంగళహారతి, దేని వరుస దానికి వేరుగా నెరిగినవారు మీరే. పిల్లలకు నేడు చేరునది ఎక్కువగా యంత్రమున వినబడు పాటయే. కాకర్ల విడిచి పోయిన కుటుంబము పాటను వెంట గొనిపోయి నిలుపుకొన్నది. ఊరిలోనే యున్న మనము దానిని పోగొట్టుకొనరాదు. ఈ శనివారము భజనలో ఒక్క పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఒక్క పాత వరుస నేర్పుడు.