మోడ్ అమ్మాయి డ్రెస్: ఏ ఏడాదిది కావాలి మీకు?

ఈ ఎపిసోడ్‌లో బట్టల గురించి మాట్లాడుకుందాం. "హిస్టరీ చెప్తానని బట్టలేంటి" అనుకోకండి, పది నిమిషాలు వినండి చాలు.

1960ల లండన్ స్టైల్, "మోడ్" అంటారు కదా, ఆ స్టైల్‌లో అమ్మాయిల డ్రెస్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా సెట్ చేద్దామని కూర్చున్నాను. ఎక్కడ వెతికినా ఒకటే బొమ్మ. పొట్టి గౌను, మోకాళ్ల దాకా తెల్ల బూట్లు, పెద్ద పెద్ద రంగుల పూల ప్రింటు, నుదుటికి హిప్పీ బ్యాండు. ఇది మోడ్ కాదండి. 1964, 1966, 1968 మూడూ కలిపి ఒకే ఫోల్డర్‌లో పడేసి రన్ కొట్టినట్టు ఉంది. మేం కోడ్ రాసేటప్పుడు ముందు వెర్షన్ ఏదో తేల్చుకుంటాం. ఇక్కడా అంతే, ముందు ఏడాది తేల్చుకోవాలి.

మోడ్ అనేది "మోడర్నిస్ట్" అనే మాటకి పొట్టి పేరు. 1950ల చివర్లో లండన్‌లో మోడర్న్ జాజ్ వినే కుర్రాళ్లు తమని తాము అలా పిలుచుకున్నారు. ఇటాలియన్ కట్ సూటు, ఇటలీ స్కూటర్ - వెస్పా, లాంబ్రెట్టా. (మన బజాజ్ చేతక్ ఆ వెస్పా కుటుంబమే. లాంబ్రెట్టా అయితే మెషినరీతో సహా 1970లలో లక్నోకి వచ్చేసింది. అది ఇంకో ఎపిసోడ్.) ఈ చరిత్ర రాసినవాళ్లంతా కుర్రాళ్ల గురించే రాశారు. 1964లో సముద్రతీర ఊళ్లలో, క్లాక్టన్‌లో, బ్రైటన్‌లో, మోడ్‌లకీ రాకర్లకీ గొడవలు అయ్యాయి. పేపర్లు వాటిని పెద్దవి చేసి రాశాయి. ఇక మోడ్ అంటే స్కూటర్ మీద కుర్రాడు అని ఫిక్స్ అయిపోయింది. వెనక సీట్లో అమ్మాయి ఏం వేసుకుంది అని ఎవరికీ పట్టలేదు.

ఆ అమ్మాయి 1963లో ఏం వేసుకుందో తెలుసా? పొట్టి స్కర్టు కాదు. మోకాలి కిందికి దిగే స్ట్రెయిట్ స్కర్టు, మెడ దాకా ఉండే స్వెట్టరు, మడమ లేని ఫ్లాట్ షూస్, అబ్బాయిలా కత్తిరించిన జుట్టు. మేకప్ దాదాపు లేనట్టే ఉంటుంది, కళ్లకి తప్ప. ఫొటోలు చూస్తే ఏదో ఆఫీసులో ఫైళ్లు మోసే పిల్లలా ఉంటుంది. నిజంగానే ఆఫీసులో పనిచేసే పిల్లే. అప్పట్లో బ్రిటన్‌లో 15 ఏళ్లకి స్కూలు మానేయొచ్చు. టైపిస్టు, షాపులో సేల్స్, సెలూన్‌లో అసిస్టెంటు, ఇలాంటి ఉద్యోగాలు. వారం జీతంలో ఇంట్లో అమ్మకి కొంత ఇచ్చేసి, మిగిలింది తన ఇష్టం. అంతకుముందు తరంలో అమ్మాయి పెద్దదైందంటే అమ్మలాగే డ్రెస్ చేసుకోవడం మొదలుపెట్టేది. అదే నడుము బెల్టు, అదే హీల్సు. ఈ తరం మాత్రం, నా డబ్బు, నా బట్టలు అంది.

1963 ఆగస్టులో "రెడీ స్టెడీ గో!" అని ఒక టీవీ షో మొదలైంది, శుక్రవారం సాయంత్రాలు. అందులో క్యాథీ మెక్‌గోవన్ అని ఇరవై ఏళ్ల అమ్మాయి యాంకర్. కళ్ల మీద పడే ఫ్రింజ్, మాట తడబడినా పట్టించుకోని ధోరణి. స్టూడియోలో డాన్సు చేసే పిల్లలకీ ఆమెకీ తేడా కనపడదు. ఆమె ఏం వేసుకుందా అని చూడటానికే చాలామంది టీవీ ముందు కూర్చునేవారు. ఇప్పుడు ఇన్‌ఫ్లుయెన్సర్ అంటున్నాం, ఆ పని అప్పుడే ఉంది, పేరు లేదంతే.

సరే, మరి పొట్టి స్కర్టు ఎక్కడి నుంచి వచ్చింది? మేరీ క్వాంట్ పేరు వినే ఉంటారు. 1955లో చెల్సీలో కింగ్స్ రోడ్డు మీద "బజార్" అనే షాపు తెరిచింది. అవునండి, మన బజారు మాటే. మొదట్లో కావలసిన రకం బట్టలు హోల్‌సేల్‌లో దొరక్క తానే కుట్టడం మొదలుపెట్టింది. బట్ట ఎక్కడ కొనేది? హారడ్స్‌లో, మామూలు కస్టమర్‌లా, రిటైల్ రేటుకి! బ్యుటరిక్ కంపెనీ పేపర్ ప్యాటర్న్‌లు కొని వాటిని మార్చుకుని, సాయంత్రం క్లాసులకి వెళ్లి కటింగ్ నేర్చుకుంది. పగలు అమ్మిన డబ్బుతో రాత్రికి బట్ట కొనాలి, తెల్లారేలోపు కుట్టాలి. ఏ స్టార్టప్ కథైనా దీని ముందు దిగదుడుపే.

మినీ స్కర్టు ఎవరు కనిపెట్టారు అనే దాని మీద ఇప్పటికీ గొడవే. పారిస్‌లో ఆంద్రే కురేజ్ నేనే అన్నాడు. అతని 1964 కలెక్షన్‌లో తెలుపు, వెండి రంగులు, ఫ్లాట్ తెల్ల బూట్లు ఉన్నాయి. ఆ "గో-గో బూట్లు" అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. క్వాంట్ మాత్రం, నేనూ కాదు, కురేజూ కాదు, కింగ్స్ రోడ్డు మీద అమ్మాయిలే అని చెప్పేది. వాళ్లే వచ్చి ఇంకా పైకి, ఇంకా పైకి అని అడిగేవారట. నా ఓటు ఆ అమ్మాయిలకే. ఒక సాక్ష్యం చెప్తాను. అప్పట్లో బ్రిటన్‌లో బట్టల మీద పర్చేజ్ ట్యాక్స్ ఉండేది, పిల్లల సైజులకి లేదు. స్కర్టు పిల్లలదా పెద్దలదా అన్నది పొడవుని బట్టి తేల్చేవారు. స్కర్టులు పైకి పోయేసరికి పెద్దమ్మాయిలవి కూడా పిల్లల లెక్కలోకి వచ్చేశాయి. ప్రభుత్వం రూలు మార్చి ఛాతీ కొలత చూడాల్సి వచ్చింది. ఒక డిజైనర్ వల్ల ట్యాక్స్ రూలు మారదు కదండీ. వేలమంది వేసుకుంటేనే మారుతుంది.

నేను 1966 ఎంచుకున్నాను. ఆ ఏడాదికి మోడ్ వీధి దాటి అందరిలోకీ వచ్చేసింది. నీస్‌డెన్‌కి చెందిన 16 ఏళ్ల లెస్లీ హోర్న్‌బీని, అదే మన ట్విగ్గీని, డెయిలీ ఎక్స్‌ప్రెస్ పేపరు "1966 ముఖం" అంది. ఆమె కూడా తన బట్టలు తనే కుట్టుకున్న మోడ్ అమ్మాయే.

మొదట గౌను. దీనికి నడుం ఉండదు. భుజాల నుంచి సూటిగా దిగి కింద కొంచెం వెడల్పవుతుంది, ఏ-లైన్. మోకాలికి నాలుగైదు అంగుళాల పైన ఆగితే చాలు, ఇంకా పైకి పోతే 1968 అయిపోతుంది. మా వీధిలో టైలర్ ఆంటీకి బొమ్మ చూపిస్తే ఆమె మొదటి ప్రశ్న: "నడుం దగ్గర కొంచెం లోపలికి పడతానమ్మా?" వద్దాంటీ అన్నాను. "మరి షేప్ ఎలా వస్తుంది?" షేప్ రాకూడదండీ, అదే పాయింటు. 1947లో డియోర్ "న్యూ లుక్" వచ్చినప్పటి నుంచి ఆడవాళ్ల డ్రెస్ అంటే సన్నటి నడుం, కింద గేర్ల స్కర్టు, లోపల బిగించే గర్డిల్. ఈ గౌనుకి లోపల ఏమీ బిగించక్కర్లేదు. ఛాతీ దగ్గర పక్కలకి రెండు టక్స్, వెనక జిప్, అంతే. ఇందులో బస్సు వెనకాల పరిగెత్తొచ్చు, రాత్రంతా డాన్స్ చేయొచ్చు.

బట్ట దగ్గర జాగ్రత్త. జారే క్రేపు, మెత్తటి కాటన్ పనికిరావు. గౌను ఒంటికి అంటుకోకుండా తనంతట తను నిలబడాలి. అప్పట్లో ఊల్ జెర్సీ వాడేవారు, చవకలో అయితే క్రింప్లీన్. క్రింప్లీన్ అంటే ఐసీఐ కంపెనీ టెరిలీన్ దారంతో చేసిన దళసరి బట్ట. టెరిలీన్ అంటే మన తాతగారి పెళ్లి ఫొటోలో "టెర్లిన్ చొక్కా" ఉంటుందే, అదే. నలగదు, ఇస్త్రీ అక్కర్లేదు, ఉతికి ఆరేస్తే అయిపోయింది. ఎండాకాలం మన దగ్గర వేసుకుంటే మాత్రం దేవుడే దిక్కు. మన షాపుల్లో స్కూబా అని అడిగితే దగ్గరగా ఉండేది దొరుకుతుంది.

రంగు నలుపు-తెలుపు పెట్టుకుంటే తప్పు పోదు. 1965లో ఇవ్ సాన్ లారాన్ మాండ్రియాన్ పెయింటింగుల్ని గౌన్లు చేశాడు: తెల్ల చదరాలు, నల్ల గీతలు, మధ్యలో ఎరుపు, నీలం, పసుపు. అది ప్రింటు కాదండి. ఒక్కో ముక్క విడిగా కత్తిరించి జోడించారు, టక్స్ అన్నీ ఆ నల్ల గీతల కుట్లలో దాచేశారు. దాన్ని చూసి చవక ప్రింట్లు కుప్పలుగా వచ్చాయి. చిత్రకారిణి బ్రిజిట్ రైలీకి అదే జరిగింది. 1965లో న్యూయార్క్ వెళ్తే షాపుల నిండా ఆమె పెయింటింగులే గౌన్లుగా వేలాడుతున్నాయి, ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె దాన్ని ఎప్పుడూ మెచ్చుకోలేదు. అందుకే ఆప్ ఆర్ట్ ప్రింటు బదులు, రెండు రంగుల బట్టలు జోడించి కుట్టించుకోండి అంటాను నేను.

తర్వాత కాళ్లు. అప్పటిదాకా స్టాకింగ్స్ తొడ దాకా వచ్చి క్లిప్పులకి వేలాడేవి. గౌను పొట్టిదైతే ఆ క్లిప్పులు కనపడతాయి. అందుకే నడుం దాకా ఉండే టైట్స్ వచ్చాయి. క్వాంట్ వాటిని ఆవపసుపు, ముదురు ఎరుపు లాంటి రంగుల్లో అమ్మింది. ఒళ్లు కనపడే నైలాన్ కాదు, దళసరి రంగు టైట్స్ తీసుకోండి. చెప్పులు: ముందు గుండ్రంగానో నలుచదరంగానో ఉండి, పైన పట్టీ, అంగుళం మడమ. స్కూలు పిల్లల బ్లాక్ షూస్ సెక్షన్‌లో చూడండి, నవ్వులాట కాదు. స్కూల్ డ్రెస్సు నుంచే క్వాంట్ చాలా తీసుకుంది.

జుట్టుకి విడల్ ససూన్. అంతకుముందు వారం వారం సెలూన్‌కి వెళ్లి, రోలర్లు చుట్టించుకుని, డ్రయ్యర్ కింద కూర్చుని, స్ప్రే కొట్టించుకుని, రాత్రి తల కదపకుండా పడుకోవాలి. ససూన్ కటింగ్‌లోనే షేప్ పెట్టేశాడు. తలస్నానం చేసి విదిలిస్తే చాలు, మళ్లీ అలాగే పడుతుంది. ఇది చిన్న విషయం కాదు, ఆడవాళ్లకి వారంలో సగం పూట తిరిగొచ్చింది. ఈ డ్రెస్ మొత్తంలో ఇదే లాజిక్: నడుం బిగింపు తీసేశారు, క్లిప్పులు తీసేశారు, రోలర్లు తీసేశారు. కొత్త ఫీచర్ కన్నా డిలీట్ చేసిన కోడే ఎక్కువ. కళ్ల దగ్గర ఒక్కచోట పొదుపు లేదు. రెప్ప మీద తెలుపు, మడత మీద నల్ల గీత, కింద కనురెప్పలు ఒక్కొక్కటీ పెన్సిల్‌తో గీసుకోవాలి. పెదాలు పాలిపోయినట్టు ఉండాలి.

ఒరిజినల్ వింటేజ్ కొనేవాళ్లకి రెండు మాటలు. లేబుల్ మీద సైజు నమ్మకండి. అప్పటి బ్రిటిష్ 12 ఇప్పటి 12 కన్నా బాగా చిన్నది, కొలతలు అడగండి. పాత పీవీసీ కోటు వేసుకోవడానికి కొనకండి. అది ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది. క్వాంట్ 1963లో పీవీసీ కోట్లు చూపించినప్పుడే కుట్టిన చోటల్లా సూది చిల్లుల దగ్గర చిరిగేవి, అది సరిచేయడానికి రెండేళ్లు పట్టింది.

ఇక డబ్బు. బజార్‌లో గౌన్లు టైపిస్టు జీతానికి అందేవి కావు. అందుకే 1963లో క్వాంట్ జింజర్ గ్రూప్ అని చవక లైను పెట్టింది. 1964లో బార్బరా హులానికీ, డెయిలీ మిర్రర్ పేపరు ద్వారా గులాబీ గళ్ల గౌను ఒకటి 25 షిల్లింగులకి, అంటే పౌనుంపావుకి, పోస్టులో అమ్మింది. దాదాపు 17,000 ఆర్డర్లు. ఆ డబ్బుతోనే బీబా షాపు నిలబడింది. అదీ కొనలేనివాళ్లు కుట్టుకున్నారు. 1964 నుంచి క్వాంట్ డిజైన్లే బ్యుటరిక్ ప్యాటర్న్‌లుగా వచ్చాయి, ఏ ప్యాటర్న్‌ల మీద ఆమె నేర్చుకుందో ఆ కంపెనీ నుంచే.

కుట్టు అనగానే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1968 జూన్‌లో లండన్ దగ్గర డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కారు సీట్ కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు సమ్మె చేశారు. వాళ్ల పనికి నైపుణ్యం అక్కర్లేదని కంపెనీ తక్కువ గ్రేడ్‌లో పెట్టింది. ఒక వంకర సీటు కవరు కుట్టి చూడండి, నైపుణ్యం ఉందో లేదో తెలుస్తుంది. ఆ సమ్మె నుంచే 1970 సమాన వేతన చట్టం దాకా దారి పడింది. వాళ్లడిగిన గ్రేడ్ మాత్రం 1984కి గానీ రాలేదు. మినీ స్కర్టుతో స్వేచ్ఛ వచ్చేసిందని రాసేవాళ్లు ఆ తారీఖు కూడా పక్కన రాయాలి.

2019లో లండన్ వీ అండ్ ఏ మ్యూజియం క్వాంట్ ఎగ్జిబిషన్ పెట్టేముందు, మీ బీరువాల్లో ఆమె బట్టలుంటే చెప్పండి అని జనాన్ని అడిగింది. వెయ్యికి పైగా జవాబులు వచ్చాయి. బట్టలతో పాటు ఇది ఇంటర్వ్యూకి వేసుకున్నది, ఇది అమ్మ నాకోసం కుట్టింది అంటూ కథలూ వచ్చాయి. ఆ సందర్భంలోనే క్వాంట్ స్టైల్ గౌను ప్యాటర్న్ ఒకటి ఫ్రీగా డౌన్‌లోడ్‌కి పెట్టారు. టైలర్ దగ్గరికి వెళ్లేముందు ప్రింట్ తీసుకెళ్లండి, చెప్పడం తేలికవుతుంది. మామూలు పన్నాకి రెండున్నర మీటర్లు సరిపోతుంది. జోడింపు కావాలంటే రెండో రంగు ఒక మీటరు అదనం. లైనింగ్ తప్పకుండా వేయించండి.

వచ్చే వారం లక్నోకి వచ్చిన లాంబ్రెట్టా కథ. ఉంటానండి.