ఎజెండా లేని బల్ల: అమెరికా ప్రగతిశీలుల వారపు కలయికలపై ఒక పరిశీలన

రాజకీయ ఉద్యమాల చరిత్ర రాసేవాళ్లు మహాసభలు, తీర్మానాలు, చీలికలు లెక్కగడతారు. సభ ముగిశాక అదే మనుషులు ఎక్కడ చేరారు, ఏం తాగారు, బిల్లు ఎవరు కట్టారు అన్నవి రికార్డులకెక్కవు. దాంతో ఒక ముఖ్యమైన ప్రశ్న పక్కకు పోయింది. ఏ తీర్మానమూ చేయని, ఏ కార్యక్రమమూ పెట్టుకోని కలయికకు రాజకీయ విలువ ఉంటుందా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి న్యూయార్క్‌లో 2003లో మొదలైన ‘డ్రింకింగ్ లిబరల్లీ’ తగిన ఉదాహరణ. బల్ల దగ్గర ఏం మాట్లాడుకున్నారన్న దానికంటే ఆ బల్ల వెనక ఏ వ్యవస్థ ఉందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందని ఈ వ్యాసం వాదన.

ముందు సందర్భం. 2003 ఫిబ్రవరి 15న న్యూయార్క్‌తో సహా ప్రపంచంలోని ఎన్నో నగరాల్లో లక్షలాది మంది ఇరాక్ యుద్ధాన్ని వద్దంటూ వీధుల్లోకి వచ్చారు. మార్చిలో యుద్ధం మొదలైపోయింది. అధ్యక్ష పదవీ, కాంగ్రెస్ ఉభయసభలూ రిపబ్లికన్ల చేతుల్లో ఉన్నాయి. మన్‌హాటన్‌లో డెమొక్రాట్లకు కొదవ లేదు గానీ, ఊరేగింపు అయ్యాక ఎవరి నిస్పృహతో వాళ్లు ఇంటికి పోయారు. ఆ మే నెలలో జస్టిన్ క్రెబ్స్, మాథ్యూ ఓనీల్ అనే ఇద్దరు యువకులు హెల్స్ కిచెన్ పేటలోని రూడీస్ బార్‌లో వారం వారం కూర్చోవడం మొదలుపెట్టారు. వచ్చేవాళ్లు రావచ్చు. సభ్యత్వ రుసుము లేదు, అధ్యక్షోపన్యాసం లేదు, మినిట్స్ పుస్తకం అసలే లేదు.

స్థలం ఎంపిక తేలిగ్గా తీసేయాల్సిన విషయం కాదు. రూడీస్ మద్యనిషేధం ఎత్తేసిన కాలం నాటి బార్. గుమ్మం ముందు నిలువెత్తు పంది బొమ్మ, చిరిగినచోటల్లా టేపు అంటించిన సీట్లు, డ్రింకు కొన్నవాళ్లకు ఉచితంగా హాట్‌డాగ్. మన్‌హాటన్‌లో చిన్న జీతగాడు బిల్లు గురించి బెంగపడకుండా రెండు గంటలు కూర్చోగలిగే చోట్లు ఎక్కువ ఉండవు. సామాజికవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ఇల్లూ పనిచోటూ కాని ‘మూడో చోటు’ గురించి సిద్ధాంతీకరించినప్పుడు అందులో చవకదనాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. ఆయన్ని ఉటంకించేవాళ్లు ఆ ముక్కను తరచూ వదిలేస్తుంటారు.

కొన్నేళ్లలోనే అమెరికా అంతటా రెండు వందలకు పైగా శాఖలు పుట్టుకొచ్చాయి. ఇంత తేలిగ్గా పాకడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. ఒక శాఖకు కావలసింది వారంలో ఒక రోజు, ఒక వేళ, ఒక బల్ల, బాధ్యత తీసుకునే ఒక మనిషి. ఈ నాలుగో అంశమే అసలు బరువు మోస్తుంది. కొత్తగా వచ్చినవాడు గుమ్మంలో నిలబడి, నిండిన బార్‌లో తనవాళ్లు ఏ మూల ఉన్నారో తెలియక, ఎవరినైనా అడగడానికి మొహమాటపడి వెనుదిరిగే క్షణం ఒకటుంటుంది. అందరికంటే ముందొచ్చి బల్ల పట్టుకుని, గుమ్మం వైపు ఒక కన్నేసి ఉంచే మనిషి లేకపోతే ఆ కొత్తవాడు మళ్లీ రాడు. నిర్మాణం లేదని చెప్పుకునే ప్రతి గుంపులోనూ జీతంలేని ఈ పని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

తిండీ పానీయాల చుట్టూ రాజకీయం అల్లుకోవడం కొత్త కాదు. 1675 డిసెంబరులో ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కాఫీహౌస్‌లను మూసేయమని ఫర్మానా ఇచ్చి, గగ్గోలు పుట్టడంతో కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నాడు. ఫ్రాన్స్‌లో రాజకీయ సభలపై ఆంక్షలున్న రోజుల్లో, 1847 జూలై నుంచి ప్రతిపక్షం విందుల పేరుతో సభలు నడిపింది. 1848 ఫిబ్రవరి 22న పారిస్‌లో జరగాల్సిన విందును ప్రభుత్వం నిషేధించింది. రెండు రోజులు తిరక్కుండానే రాజు లూయీ ఫిలిప్ సింహాసనం వదులుకున్నాడు. అయితే విందు టిక్కెట్టు కొనలేని శ్రామికుడికి ఆ బల్ల దగ్గర చోటు దొరకలేదు. తిరుగుబాటు మాత్రం అతనే చేశాడు.

పోలికకు అన్నిటికంటే పనికొచ్చేది జర్మనీ. 1878 నుంచి 1890 దాకా సోషలిస్టు వ్యతిరేక చట్టం అమల్లో ఉన్నప్పుడు కార్మికులకు మిగిలిన చోటు పేటలోని సారాయి కొట్టు. తాగుడు మానాలని ఉద్బోధించే సొంత పార్టీ మిత్రులతో సోషల్ డెమొక్రాట్ల సిద్ధాంతకర్త కార్ల్ కౌట్‌స్కీ 1891లో వాదానికి దిగాడు. కార్మికుడు స్వేచ్ఛగా గుమిగూడే చోటు అదొక్కటేననీ, దాన్ని మూస్తే అతని రాజకీయ జీవితమే మూతపడుతుందనీ ఆయన వాదన. యజమానులు బ్లాక్‌లిస్టులో పెట్టిన కార్యకర్తలు పలువురు బతుకుతెరువుకు ఇలాంటి కొట్లే తెరిచారు. తర్వాతి కాలంలో జర్మన్ గణతంత్రానికి తొలి అధ్యక్షుడైన ఫ్రెడరిక్ ఎబర్ట్ 1890లలో బ్రెమెన్‌లో నడిపింది అలాంటి కొట్టే.

హాంబర్గ్ పోలీసులు 1892 నుంచి మామూలు దుస్తుల్లో మనుషుల్ని ఈ కొట్లకు పంపి, విన్న మాటలను నివేదికలుగా రాయించారు. చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్ ఆ వేలాది కాగితాల్లోంచి ఎంచి 1989లో ప్రచురించాడు. అద్దెలు, ధరలు, ఫోర్‌మన్ల దాష్టీకం, మధ్యలో ఎన్నికలు. అంటే చాలావరకు పోచుకోలు కబుర్లే! కానీ ఆ కబుర్ల వెనక యూనియన్ చందా పుస్తకం, పార్టీ పత్రిక, పాటల సంఘం ఉన్నాయి. పనిచోటు గోడు చెప్పుకున్నవాడికి అదే గదిలో యూనియన్ ప్రతినిధి దొరికేవాడు. 1912 ఎన్నికల్లో సోషల్ డెమొక్రాట్లు 110 స్థానాలు గెలిచి అతిపెద్ద పక్షమయ్యారు. సారాయి కొట్లే గెలిపించాయనడం అతిశయోక్తి. అవి లేకుండా గెలిచేవారనడం అంతకంటే పెద్ద అతిశయోక్తి.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1934లో లండన్‌లోని నాన్‌కింగ్ అనే చైనీస్ రెస్టారెంట్‌లో సజ్జాద్ జహీర్, ముల్క్ రాజ్ ఆనంద్ వంటి భారతీయ యువకులు కలిసి అభ్యుదయ రచయితల సంఘానికి బీజం వేశారు. 1936లో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన లక్నో మహాసభ, 1943లో తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలో తెలుగు రచయితల మహాసభ ఆ వరుసలో వచ్చాయి. అయితే నాన్‌కింగ్‌లో కూర్చున్నవాళ్లు ప్రణాళిక రాయాలనే కూర్చున్నారు. రూడీస్‌లో అలాంటి ఉద్దేశం లేదు.

‘డ్రింకింగ్ లిబరల్లీ’పై సులువుగా వచ్చే ఆక్షేపణ ఒకటుంది: ఒకే భావాలవాళ్లు ఒకచోట చేరితే ఆ భావాలు మరింత ముదురుతాయని. దీనికి ఆధారం లేకపోలేదు. న్యాయశాస్త్ర పండితుడు కాస్ సన్‌స్టీన్ బృందం 2005లో కొలరాడోలో ఉదారవాదులకు పేరుబడ్డ బౌల్డర్ పౌరులనూ, సంప్రదాయవాదులకు పేరుబడ్డ కొలరాడో స్ప్రింగ్స్ పౌరులనూ వేర్వేరుగా కూర్చోబెట్టి చర్చింపజేసింది. చర్చ తర్వాత రెండు పక్షాలూ మరింత దూరం జరిగాయి. కానీ రాజకీయ శాస్త్రవేత్త డయానా మట్జ్ 2006లో దీని రెండో ముఖం చూపింది. భిన్నాభిప్రాయాల మధ్య మసిలేవారిలో ఎదుటివారి వాదన పట్ల అవగాహన పెరుగుతుంది గానీ, రాజకీయాల్లో పాల్గొనే చొరవ తగ్గుతుంది. సొంత గుంపులో మసిలేవారే ప్రచారానికి కదులుతారు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బార్‌లోని బల్లను చర్చావేదికగా కొలవడమే సరికాదనిపిస్తుంది. అక్కడికి ఎవరూ అభిప్రాయం మార్చుకోవడానికి రారు.

నాకు గట్టిగా తోచే ఆక్షేపణ వేరే. ఆ బల్ల దగ్గర ఎవరు లేరు? మద్యం ముట్టనివారు, మానేయడానికి కష్టపడుతున్నవారు, రాత్రి షిఫ్టువారు, పిల్లల్ని వదిలి రాలేని తల్లులు. నాటి జర్మనీలోని ప్రష్యాలో 1908 దాకా స్త్రీలు రాజకీయ సంఘాల్లో చేరడాన్ని చట్టమే నిషేధించింది. న్యూయార్క్‌లో అలాంటి చట్టం అక్కర్లేదు. సాయంత్రం ఏడు గంటలకు బార్‌లో కలుద్దామంటే చాలు, సగం వడపోత అయిపోతుంది. నిర్వాహకులు తర్వాత భోజనాలు, సినిమాలు, పుస్తకాలు, హాస్య ప్రదర్శనల చుట్టూ కూడా కలయికలు పెట్టారు. ఆకర్షణ మారింది గానీ సాయంత్రాలు ఖాళీగా ఉన్నవాళ్ల కోసమే అన్న షరతు మాత్రం అలాగే మిగిలింది.

2016 ఎన్నికల తర్వాత మరో అల వచ్చింది. ఆ డిసెంబరులో కాంగ్రెస్ మాజీ సిబ్బంది కొందరు ‘ఇండివిజిబుల్’ పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టిన కరదీపిక చదివి ఊరూరా గుంపులు ఏర్పడ్డాయి. వీటిని పరిశీలించిన థీడా స్కోచ్‌పోల్, లారా పట్నం చెప్పినదాని ప్రకారం నగర శివార్లలోని నడివయసు మధ్యతరగతి స్త్రీలే ఎక్కువగా వీటిని నడిపారు. గ్రంథాలయ గదులు, చర్చి హాళ్లు, ఎవరో ఒకరి ముందుగది వాళ్ల చోట్లు. మొదటిరోజు నుంచే ఏ ప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేయాలి, ఏ సభకు వెళ్లి నిలదీయాలి అన్న పనుల జాబితా వాళ్ల చేతిలో ఉంది. స్నేహాలు ఆ పనిలోంచి పుట్టాయి. రూడీస్‌లో ముందు స్నేహం, పని సంగతి తర్వాత. ఈ రెండు వరుసల్లో ఏది ఎక్కువకాలం నిలుస్తుందో తేలాలంటే ఎన్నికలు లేని ఏళ్లలో, తమ పక్షమే గెలిచి కోపం చల్లారిన నెలల్లో, వారం మధ్య సాయంత్రాల హాజరును లెక్కించాలి.