కల్లం దగ్గర కాపలా

జొన్నచేను పచ్చగా, ఏపుగా ఉన్నంతకాలం కాటుక తెగులు జాడే తెలియదు. అది మొలకతోపాటు మొదలై, మొక్క లోపలే ఉండి పెరుగుతుంది. ఆకు మీద మచ్చ పడదు, మొక్క వాడదు. పొట్ట పగిలి కంకి బయటికొచ్చాక, పాలు పోసుకోవాల్సిన గింజ చోట కోలగా, బూడిదరంగులో ఒక తిత్తి కనిపిస్తుంది. దాన్ని వేళ్ళ మధ్య నలిపితే కాటుకలాంటి నల్లని పొడి రాలుతుంది. ఆ పొడి అంతా శిలీంధ్ర బీజాలే. అప్పటికిక ఆ కంకిని బాగుచేసే మందు లేదు.

అసలు నష్టం అక్కడితో తీరదు. ఆ కంకులు కూడా మంచి కంకులతోపాటే కల్లానికి చేరతాయి. ఎడ్లు తొక్కినా, రాతిగుండు దొర్లించినా తిత్తులు పగిలి, నల్లపొడి లేచి మంచి గింజలకు అంటుకుంటుంది. అందులోంచే విత్తనం తీసి దాచుకుంటారు. మరుసటి ఏడు గొర్రు కట్టి జడ్డిగంలో పోసినప్పుడు గింజతోపాటు తెగులూ సాలులో పడుతుంది. అంటే తెగులును చేతులారా విత్తుకుంటున్నాం.

అవుకు, కోయిలకుంట్ల, బనగానపల్లె చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో తరతరాల తిండి జొన్నే. రొట్టె అయినా సంగటి అయినా ఆ గింజతోనే. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక అవుకు కొన్నాళ్ళు కడప జిల్లా కింద ఉంది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 2022 నుంచి నంద్యాల జిల్లా. ఏలుబడులు మారినా రైతు భయాలు మారలేదు: వాన రాకపోవడం ఒకటి, వచ్చిన పంట గింజ కట్టకపోవడం రెండోది. 1876–78 కరువులో కర్నూలు జిల్లా ఎంత నలిగిందో చరిత్ర చదివినవారికి తెలుసు. అలాంటి సీమలో కంకికి పదో వంతు గింజ నల్లపొడి అయిపోయినా అది ఇంటి కూటిలో కోతే.

పంట తెగుళ్ళను అడ్డుకునే చట్టాల గురించి రాసేవారు ఎక్కువగా రేవుల గురించి, ఓడల గురించి రాస్తారు. అవుకు వైపు నుంచి చూస్తే ఆ కథ కల్లం దగ్గర మొదలవుతుంది. ఈ వ్యాసం ఆ వైపు నుంచే.

తెగులు దైవకోపం కాదు, అంటువ్యాధి అని నిరూపించడానికి మనుషులకు చాలాకాలం పట్టింది. ఫ్రాన్సులో 1755లో టిలే అనే ఆయన, గోధుమ గింజలకు కాటుక పొడి పూసి విత్తితే తెగులు వస్తుందని చేలో చేసి చూపించారు. 1807లో అదే దేశంలో ప్రెవో, ఆ పొడి బతికున్న శిలీంధ్రమనీ, మైలుతుత్తం కలిపిన నీళ్ళలో అది మొలకెత్తలేదనీ కనిపెట్టారు. విత్తనశుద్ధికి శాస్త్రాధారం అక్కడ దొరికింది.

మన దేశంలో ఈ విద్యకు పునాది వేసినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్. బీహారులోని పూసా పరిశోధనా సంస్థలో తొలి ఇంపీరియల్ శిలీంధ్ర శాస్త్రవేత్త ఆయన. తెలుగు నేలతో ఆయనకు దగ్గరి సంబంధం ఉంది. గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి వరసగా చచ్చిపోతుంటే, కారణం ఒక శిలీంధ్రమని తేల్చింది ఆయనే. ఆ తర్వాత ప్రభుత్వం మనుషుల్ని పెట్టి, తెగులు సోకిన చెట్లెక్కించి, తలలు నరికించి, కాల్పించింది. రోగమున్న చోటే దాన్ని కట్టడి చేసి చుట్టూ ఉన్నవాటిని కాపాడే పని మన డెల్టాలో అంత పెద్దఎత్తున జరిగింది. తాటి మీద ఆధారపడ్డ గీత కుటుంబాలకు అది బతుకుతెరువును కాపాడే పని. దీని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాల్సింది.

1914 ఫిబ్రవరి 3న వినాశకర కీటకాలు, చీడల చట్టం వచ్చింది. నాలుగు పుటలు కూడా నిండని చిన్న చట్టం. పంటలకు చేటు తెచ్చే పురుగుగానీ, శిలీంధ్రంగానీ, మరో చీడగానీ దేశంలోకి రాకుండా దిగుమతులను నిషేధించే అధికారం, నియంత్రించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అప్పట్లో పెద్ద భయం అమెరికా పత్తి కాయను తొలిచే ముక్కుపురుగు. అందుకే అమెరికా పత్తి బేళ్ళను బొంబాయి రేవులో విషవాయువు పట్టించి గానీ దేశంలోకి వదిలేవారు కాదు. తిండిగింజల తెగుళ్ళు ఆ చట్టం మాటల్లో ఉన్నాయి గానీ, ఆ రోజుల్లో పాలకుల చూపు వాటిమీద లేదు. మిల్లుల పత్తికి దొరికిన శ్రద్ధ రైతు జొన్నకు దొరకలేదన్నది నా అభిప్రాయం.

ఆ లోటు కొంత తీర్చింది మద్రాసు రాజధాని. 1919లో ఇక్కడ వ్యవసాయ చీడలు, తెగుళ్ళ చట్టం చేశారు. ఫలానా ప్రాంతంలో ఫలానా తెగులు ఉందని ప్రభుత్వం ప్రకటిస్తే, అక్కడి నుంచి మొక్కల రవాణాను ఆపవచ్చు. తనిఖీ అధికారి చేలోకి వచ్చి చూడవచ్చు, ఏం చేయాలో రైతుకు నోటీసు ఇవ్వవచ్చు. రైతు చేయకపోతే అధికారే చేయించి, ఆ ఖర్చును భూమిశిస్తు బకాయి మాదిరిగా వసూలు చేయవచ్చు. శిస్తు కట్టలేక ఎద్దులమ్ముకున్న సీమలో ఆ చివరి నిబంధన ఎంత బరువుగా తోచి ఉంటుందో ఊహించవచ్చు. రాష్ట్రాలు మారినా ఆ చట్టం ఆంధ్ర ప్రాంతపు చట్టంగా కొనసాగింది.

జొన్న కాటుకకు మాత్రం నోటీసులు పనికిరావు. తెగులు కంటికి కనపడేనాటికి పంట చేతికొచ్చి ఉంటుంది. కాబట్టి వ్యవసాయశాఖ విత్తనం మీద పనిచేసింది. మైలుతుత్తం నీళ్ళలో విత్తనాన్ని కాసేపు ముంచి, నీడన ఆరబెట్టి విత్తమన్నారు. తర్వాతి కాలంలో మెత్తటి గంధకం పొడి వచ్చింది. కిలో విత్తనానికి 4 గ్రాములు చాలు. కుండలో విత్తనం, గంధకం వేసి, మూతి కట్టి, గింజ గింజకూ పొడి పట్టేలా తిప్పితే పని అయిపోతుంది. అంత చవకగా, అంత కచ్చితంగా పనిచేసిన తెగులు నివారణ మెట్టపంటల్లో మరొకటి కనిపించదు. అయితే ఇది ఇప్పటిదాకా చెప్పిన గింజ కాటుకకే. కంకి మొత్తాన్ని నల్లపొడి చేసే తల కాటుక నేలలో దాక్కుంటుంది. పొడవు కాటుక గాలిలో వస్తుంది. విత్తనానికి గంధకం పట్టించినా అవి ఆగవు.

అవుకు రైతుకు దగ్గర్లో ఉన్న శాస్త్రం నంద్యాల పరిశోధనా కేంద్రం. 1906లో మొదలైంది. నంద్యాల తెల్లజొన్నగా ఎన్‌టీజే పేరుతో వచ్చిన రకాలు, సూర్యనంది కొర్ర అక్కడివే. నంద్యాల పేరుతో వచ్చిన శనగ రకాలూ ఉన్నాయి. రైతు మంచి విత్తనం కోసం అటు చూడడం వందేళ్ళకు పైబడిన అలవాటు.

ఇక కాటుక కన్నా చిత్రమైన మరో జొన్న తెగులుంది. చలి, ముసురు ఉన్న రోజుల్లో పూత మీదున్న కంకి నుంచి తేనెలాంటి బంక కారుతుంది. ఆకుల మీదా నేల మీదా చుక్కలుగా పడి, ఎండాక తెల్లబారుతుంది. వేలు పెడితే అంటుకుంటుంది. రైతులు తేనెబంక తెగులు అంటారు. 1915లో మద్రాసు రాజధానిలో దీన్ని మొదట గుర్తించి, 1917లో అచ్చులో పెట్టినవారు ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రవేత్త విలియం మెక్‌రే. పుప్పొడి అందక ఎదురుచూస్తున్న పువ్వులోకి ఈ శిలీంధ్రం దూరుతుంది, గింజ కట్టాల్సిన చోటును ఆక్రమిస్తుంది. మామూలు చేలో పుప్పొడి త్వరగా అందుతుంది కాబట్టి నష్టం తక్కువ. సంకర విత్తనం పండించే చేలో మగవంధ్య మొక్కలు పక్క సాలు పుప్పొడి కోసం ఆగాలి. అది రెండు రోజులు ఆలస్యమైతే తెగులుదే పైచేయి.

ఇదే తెగులు ఆఫ్రికా రకం 1924లో కెన్యాలో కనిపించింది. చాలాకాలం అమెరికా ఖండాల్లో ఏ జొన్నచేలోనూ ఇది లేదు. 1995లో బ్రెజిల్‌లో బయటపడింది. 1997కల్లా అమెరికాలోని టెక్సాస్ చేరింది. మధ్యలో 1996లో, దిగుమతులను జల్లెడపట్టే ఆస్ట్రేలియాలో కూడా వచ్చింది. శతాబ్దం ముగిసేలోపు మన దేశపు చేలల్లోనూ ఆఫ్రికా రకమే కనిపించింది. ఒకప్పుడు కల్లం నుంచి కల్లానికి నడిచిన తెగులు రెండేళ్ళలో ఖండాన్ని దాటింది.

అందుకే హైదరాబాదు పక్కన జరిగే పని మీద నాకు గౌరవం. 1972లో పటాన్‌చెరులో మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. దాని జన్యుబ్యాంకులో ఇప్పుడు 40 వేలకు పైగా జొన్న నమూనాలున్నాయి. ప్రపంచంలో ఏ మూల నుంచి వచ్చిన విత్తనమైనా ముందు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో కేంద్రంలో ఆగాలి. అక్కడి పరీక్ష చూడ్డానికి తేలికే. గాజు పళ్ళెంలో మూడు పొరల తడి అద్దుడు కాగితం పరుస్తారు. దాని మీద గింజల్ని ఎడం ఎడంగా పేర్చి, 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి ఉండే గదిలో ఏడు రోజులు ఉంచుతారు. ఎనిమిదో రోజు ఒక్కో గింజనూ సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఏ గింజ మీద ఏ బూజు లేచిందో, దాని బీజాలు ఎలా ఉన్నాయో రాసుకుంటారు. కాటుక కోసం వేరే పద్ధతి: గింజల్ని నీళ్ళలో బాగా కుదిపి, ఆ నీటిని యంత్రంలో తిప్పి, అడుగున చేరిన మడ్డిలో బీజాలు వెతుకుతారు. తర్వాత కొన్నిటిని విడి మడిలో పెంచి, ఒక పంటకాలమంతా కనిపెట్టి చూస్తారు. తొందరపడితే చెల్లని పని ఇది.

కట్టడికి లొంగనివీ ఉన్నాయి. గోధుమ కుంకుమ తెగులు బీజాలు నీలగిరి, పళని కొండల నుంచి గాలిలో మైదానాలకు వస్తాయని శాస్త్రవేత్త కె.సి. మెహతా దశాబ్దాల కృషితో చూపారు. గాలికి అనుమతి పత్రం అడగలేం. ఓడ విషయం వేరు. ఇవాళ అవుకు రోడ్డు పక్కన, బీడులో, బడి ఆవరణలో ఎక్కడ చూసినా తెల్లపూల వయ్యారిభామ. అది 1950లలో విదేశీ గోధుమల్లో కలిసి వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. పొరుగున బంగ్లాదేశ్‌లో 2016లో దక్షిణ అమెరికా గోధుమ అగ్గితెగులు బయటపడింది. దాంతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ముర్షీదాబాద్, నదియా జిల్లాల్లో గోధుమ సాగునే ఆపించింది. ఆకలికి దగ్గరగా బతికే రైతుకు పంట మానుకోమని చెప్పడం చిన్న మాట కాదు. కానీ ఆ తెగులు గంగా మైదానంలో వేళ్ళూనితే జరిగే నష్టం ముందు దాన్ని తప్పు పట్టలేను.

ఇన్నేళ్ళ తర్వాత కూడా మన కట్టడికి ఆధారం 1914 చట్టమే. దానికిందే 2003లో దిగుమతుల ఉత్తర్వు వచ్చింది. బయటి విత్తనానికి ముందస్తు అనుమతి, ఎగుమతి దేశపు ఆరోగ్య ధ్రువపత్రం, నిర్ణీత రేవులోనే దించడం తప్పనిసరి. 2013లో వ్యవసాయ జీవభద్రత బిల్లు లోక్‌సభకు వచ్చినా, ఆ సభ గడువుతోపాటు 2014లో మురిగిపోయింది.

అవుకు జలాశయానికి కృష్ణా నీరు చేరాక నీరందే చేలల్లో వరి, మిరప పెరిగాయి. అయినా మెట్ట చేలల్లో జొన్న, కొర్ర ఉన్నాయి. చిరుధాన్యాలకు మళ్ళీ గిరాకీ వచ్చాక, పాత రకాల విత్తనం ఊరి నుంచి ఊరికి సంచుల్లో, బస్సుల్లో పోతోంది. ఇవ్వడం, పుచ్చుకోవడం మంచిదే. దానిమీద ఆంక్షలు రావాలని నేను కోరను. కంపెనీ సంచిలోని గింజ రంగు మందు పూసుకుని వస్తుంది. ఇరుగుపొరుగు ఇచ్చిన గింజకు ఏ పూతా లేదు. మందు పూసిన మిగులు గింజల్ని తిండికి వాడకూడదన్న హెచ్చరిక కూడా ఆ సంచి మీదే ఉంటుంది. ఇంటి విత్తనానికి అలాంటి జాగ్రత్తలు చెప్పేవారు కావాలి. మండలంలో ఒక్క రైతు సేవా కేంద్రంలోనైనా తడి కాగితం పరీక్షకు ఒక బల్ల, ఒక సూక్ష్మదర్శిని, నేర్పిన మనిషి ఉండాలి. రైతు తన విత్తనంలోంచి పిడికెడు తెచ్చిస్తే, విత్తుకు ముందే ఫలితం చెప్పాలి. ముంగారు వానలకు ముందు, అంటే వైశాఖం దాటకుండా, ఇది జరగాలి.