బీరువాలోని రూలు పుస్తకం

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, ఓపికగా చదవండి.

మన పిల్లల బడిలో తెలుగు క్లాసు ఎందుకు లేదని అడిగితే ఎక్కడైనా ఒకటే జవాబు: "రూలు అట్లా ఉంది." ఆ రూలు నంబరు ఎంత, తేదీ ఏది అంటే నోరు పెగలదు. గుమాస్తాగిరీలో తల నెరిసినవాళ్లం, మాకు ఆ బీరువా తెలుసు. కోడ్లు, మాన్యువళ్లు, సర్క్యులర్లు అన్నీ అందులోనే. గ్యాంగుమన్ పాసూ, ఇంక్రిమెంటూ, పింఛనూ వాటి మీదే నడుస్తాయి. ఆయన మాత్రం వాటి అట్ట కూడా చూసి ఉండడు.

ఈ దాపరికం తెల్లవాళ్లు పెట్టిపోయిన అలవాటు. 1889లో ఒక రహస్యాల చట్టం తెచ్చారు, 1904లో కర్జన్ దాన్ని బిగించాడు, 1923లో ఇంకోటి వచ్చింది. గూఢచారుల కోసమని పేరు. కానీ ఆఫీసు కాగితం బయటివాడికి ఇస్తే గుమాస్తా కూడా జైలుకు పోవచ్చు. స్వతంత్రం వచ్చాక కూడా ఆ 1923 చట్టం అట్లాగే ఉంది.

దీన్ని మొదట గట్టిగా కదిపింది ఒక ఎలక్షన్ కేసు. ఇందిరా గాంధీ మీద రాజ్ నారాయణ్ అలహాబాదు హైకోర్టులో వేసిన కేసు అందరికీ తెలుసు. అందులో ఆయన "బ్లూ బుక్" అడిగాడు. ప్రధాని పర్యటనకు పోతే కాపలా ఏర్పాట్లు ఎట్లా చేయాలో చెప్పే లోపలి రూలు పుస్తకం అది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇవ్వమంది. 1975 జనవరిలో సుప్రీం కోర్టు పుస్తకం ఇప్పించలేదు, మళ్లీ పరిశీలించమని హైకోర్టుకే పంపింది. అయితే ఆ తీర్పులో జస్టిస్ మాథ్యూ ఒక మాట రాశారు: ప్రభుత్వ నౌకర్లు చేసే ప్రతి పనినీ తెలుసుకునే హక్కు ఈ దేశ ప్రజలకు ఉందని. పుస్తకం రాలేదు గాని మాట నిలిచింది.

చట్టం చేసిన మొదటి రాష్ట్రం మన తమిళనాడే, 1997లో. మనం గర్వంగా చెప్పుకుంటాం గాని, ఆ చట్టంలో ఇవ్వాల్సినవాటి కంటే ఇవ్వనక్కర్లేని వాటి వరుసే పొడుగు. అసలు బలం రాజస్థాన్ కూలీల దగ్గర పుట్టింది. కరువు పనుల్లో కూలి తక్కువ ఇచ్చి, మస్టర్ రోలులో పూర్తిగా ఇచ్చినట్టు రాస్తుంటే, ఆ రోలు చూపించమన్నారు వాళ్లు. 1994లో ఊరి నడుమ కూర్చుని లెక్కలు గట్టిగా చదివారు. చచ్చిపోయినవాళ్ల పేర్ల మీద కూడా కూలి పడి ఉంది! 1996లో బ్యావర్‌లో నలభై రోజులు ధర్నా చేశారు. వాళ్లతో నిలబడ్డ అరుణా రాయ్ పుట్టింది మద్రాసులోనే.

2005లో కేంద్ర చట్టం వచ్చింది. తమిళంలో "తగవల్ అరియుం ఉరిమై" అంటారు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు అందరికీ తెలుసు. నాలుగో సెక్షను మాత్రం చాలామంది చదవలేదు. మా దృష్టిలో చట్టానికి గుండెకాయ అదే. ప్రతి ఆఫీసూ ఎవరూ అడగకముందే 17 రకాల వివరాలు బయట పెట్టాలి. ఉద్యోగులు పనికి వాడే రూళ్లు, సూచనలు, మాన్యువళ్లు అందులో ఒకటి. అంటే బీరువా తాళం తీయడం ఆఫీసు బాధ్యత. మరుసటి ఏడాదే నోట్ ఫైళ్లను చట్టం నుంచి తప్పించాలని కేంద్రం చూసింది, జనం గొడవ చేస్తే వెనక్కి తగ్గింది.

ఇక మన సంగతి. రాష్ట్రాలు భాషల లెక్కన విడిపోయిన 1956లో కేంద్ర హోం శాఖ ఒక మెమొరాండం పార్లమెంటు ముందు పెట్టింది. ప్రాథమిక బడిలో మొత్తం నలభై మంది, లేదా ఒక క్లాసులో పది మంది ఆ మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే ఏర్పాటు ఉండాలని అందులో ఉంది. అల్పసంఖ్యాక భాషవాళ్లు నూటికి పదిహేను ఇరవై మంది ఉన్న చోట ముఖ్యమైన నోటీసులు, రూళ్లు వాళ్ల భాషలో కూడా వేస్తే మంచిదని కూడా ఉంది. ఇది దాచిన కాగితమేమీ కాదు. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ నివేదికలు కూడా పార్లమెంటు ముందుకు వస్తాయి. మన సంఘాల్లో వాటిని తెప్పించుకున్నవాళ్లు ఎందరు?

ఇందులో ఒక తిరకాసు ఉంది. అర్జీ ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంత అధికార భాషలోనో ఉండాలి. అందుకని ఇక్కడ తెలుగులో రాస్తే చెల్లదు, తమిళంలో రాయాలి. తమిళ బడిలో చదివిన మాబోటివాళ్లం దీనికి పనికొస్తాము, వచ్చి అడగండి. యానాం వాళ్లకు ఈ బాధ లేదు, అక్కడ తెలుగుకు చట్టంలోనే చోటుంది.

రాసేటప్పుడు ఒకటి చూసుకోండి. "తెలుగు క్లాసు ఎందుకు ఎత్తేశారు?" అని రాయకండి. చట్టం కింద వచ్చేది కాగితం, సంజాయిషీ కాదు. "క్లాసు ఎత్తేయమన్న జీవో నకలు, దాని నోట్ ఫైలు నకలు, గత ఐదేళ్ల తెలుగు పిల్లల హాజరు పట్టీ లెక్క ఇవ్వండి" అని రాయండి. కారణం చెప్పమని వాళ్లు మిమ్మల్ని అడగకూడదు, ఆరో సెక్షనులో ఉంది. అర్జీ నకలు ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, దాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.