మదనపల్లె ఆర్కాట్ మిషన్ సంఘం

1863లో అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి మిషనరీలు మదనపల్లెలో మొదలుపెట్టిన ప్రొటెస్టెంటు క్రైస్తవ సంఘం ఇది. నేడు దక్షిణ ఇండియా సంఘంలో, అంటే అందరూ సి.ఎస్.ఐ. అనే సభలో, రాయలసీమ డయాసిస్ కింద ఉంది.

దీని మూలాలు తమిళ సీమలో ఉన్నాయి. డాక్టర్ జాన్ స్కడర్ కుమారులు ముగ్గురు, హెన్రీ మార్టిన్, విలియం, జోసెఫ్, 1853లో ఆర్కాట్ మిషన్‌ను నెలకొల్పారు. 1857లో అది రిఫార్మ్‌డ్ చర్చి చేతికి వచ్చింది. ఊరూరా తిరిగి జనం భాషలోనే ప్రకటించాలి, ఇంగ్లీషు బడుల జోలికి పోకూడదు అన్నది వాళ్ల తొలి నియమం. ఆ పట్టుదల ఎంతోకాలం నిలవలేదు. తర్వాతి తరాల్లో ఆర్కాట్ మిషన్‌కు పేరు తెచ్చినవి బడులూ ఆసుపత్రులే.

తెలుగు నేల మీద ఈ పనికి ఆద్యుడు జేకబ్ చేంబర్లిన్ (1835–1908). వైద్యం కూడా చదువుకున్న పాదిరి. 1860లో వచ్చి మొదట పలమనేరులో ఉన్నాడు, మూడేళ్లకు పుంగనూరు మీదుగా పైకి జరిగి మదనపల్లెలో మకాం పెట్టాడు. అప్పట్లో ఈ ఊరు కడప జిల్లాలోది. ఇది తర్వాత చేరిన చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. మకాం పెట్టిన ఆ ఏడే నిజాం రాజ్యం గుండా గోదావరి దాకా సుమారు 1,200 మైళ్ల ప్రయాణం కట్టాడు. దారి పొడుగునా తెలుగు సువార్త పుస్తకాలు అమ్మాడు, రోగులకు మందులిచ్చాడు. ఆ అనుభవాలు తర్వాత ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అనే పుస్తకంలోకి ఎక్కాయి. పాములూ పులులూ నిండిన ఆ కథలే అమెరికాలో ఆయనకు పేరు తెచ్చాయి గాని, ఇక్కడివాళ్ల లెక్కలో అంతకన్నా బరువైన పని వేరే ఉంది. తెలుగు బైబిలు సవరణ సంఘానికి 1873 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆయన అధ్యక్షుడు.

పల్లెల్లో సంఘాలు ఒక్కొక్క మనిషితో పుట్టలేదు. మాలపల్లెలో, మాదిగవాడలో కొన్ని కుటుంబాలు కూడబలుక్కుని వస్తే మిషన్ ఆ ఊరికి ఉపదేశిని పంపేది. విగ్రహపూజ మానాలి, ఆదివారం పాటించాలి, చచ్చిన గొడ్డు మాంసం ముట్టకూడదు అన్నవి షరతులు. ఈ మూడోది మతం మాట ఎంతో, ఊరి కట్టుబాటు మాట అంత. చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం ఎవరి వంతో ఊరు ఎప్పుడో తేల్చిపెట్టింది కాబట్టి, దాన్ని కాదనడమంటే పెద్దరైతుతో తగవే. చదువొచ్చిన ఉపదేశి ఒకడు వాడలో కాపురముండి, పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, రాత్రి దీపం పెట్టి ప్రార్థన నడపడమే పల్లె సంఘానికి వెన్నెముక. మిషన్ చరిత్రలు దొరల పేర్లను వివరంగా రాశాయి, ఉపదేశుల పేర్లను మాత్రం చాలాచోట్ల వదిలేశాయి.

సంఘానికి పట్టణంలో పేరు నిలిపింది వైద్యం. స్త్రీలకోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో వచ్చింది. పలు మిషన్లు చేతులు కలిపి 1912లో క్షయరోగుల శానిటోరియం ఆరంభించాయి. 1915లో అది ఊరి వెలుపల ఆరోగ్యవరానికి మారింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని చాలాకాలం నడిపాడు. మనదేశంలో క్షయకు బి.సి.జి. టీకాలు 1948లో మొదలైంది మదనపల్లెలోనే. శానిటోరియం ఆరోగ్యవరానికి మారిన 1915లోనే అనీబిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల కూడా ఈ ఊళ్లోనే వెలిసింది. మిషన్ కాంపౌండూ, దివ్యజ్ఞానుల కాలేజీ పక్కపక్కనే ఎదగడం ఈ చిన్న ఊరి విశేషం.

మరో ప్రొటెస్టెంటు శాఖ అయిన మెథడిస్టులతో ఈ సంఘానికి చుట్టరికం సభల ఐక్యత ద్వారా కలిసింది. ఆర్కాట్ సంఘాలు స్కాట్లాండ్ ప్రెస్బిటీరియన్లతో కలిసిన తర్వాత 1902లో జరిగిన తొలి సినడుకు చేంబర్లిన్ మోడరేటర్. ఆయన 1908 మార్చిలో మదనపల్లెలో కన్నుమూశాడు. ఆ ఏడే కాంగ్రిగేషనల్ సంఘాలు కూడా చేరి దక్షిణ ఇండియా ఐక్య సంఘం ఏర్పడింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, ఐక్య సంఘంవారు, బ్రిటిష్ మెథడిస్టులు ఒకటై సి.ఎస్.ఐ. అయ్యారు. మెదక్ కెథీడ్రల్ కట్టిన మెథడిస్టులూ మదనపల్లె రిఫార్మ్‌డ్ వారూ అలా ఒక సభవారయ్యారు.

అమెరికన్ మెథడిస్టులు మాత్రం ఇందులో చేరలేదు. కుప్పం నుంచి సరిహద్దు దాటితే వచ్చే కోలారు వాళ్ల కేంద్రం. 1876–78 కరువులో అనాథలను చేరదీసిన మిస్ ఆన్‌స్టే అక్కడి తన మిషన్‌ను 1890లో వాళ్లకు అప్పగించింది. మెథడిస్టు అన్న పేరు మెదక్‌లో సి.ఎస్.ఐ.లో కలిసిపోతే, కోలారులో విడిగానే నిలిచింది. పెళ్లి సంబంధాలు కలుపుకునేటప్పుడు ఈ తేడాను పట్టించుకునే ఇళ్లు తక్కువే.

సంఘ జీవితం ఆదివారం ఆరాధనతో ఆగదు. స్త్రీల మైత్రి కూటాలు, ఇంటింటి ప్రార్థనలు, వంట చేసేముందు ఇల్లాలు పక్కకు తీసిపెట్టే పిడికెడు బియ్యం ఇందులోవే. కోతపండుగనాడు మందిరం ముందు గుమ్మడికాయలు, వేరుశనక్కాయలు, కోళ్లు, టమాటా బుట్టలు చేరతాయి. ఆరాధన కాగానే వేలం మొదలు. పాట పెంచేవాడు పెద్ద గొంతు వాడై ఉండాలి. అంగట్లో కొద్ది రూపాయలకే దొరికే సొరకాయ పోటీమీద వందలు పలుకుతుంది. గెలిచినవాడు ఒక్కోసారి దాన్నే మళ్లీ కానుకగా ఇస్తాడు, వేలం మళ్లీ మొదలవుతుంది. ఆ డబ్బు సంఘం ఖర్చులకు జమ.