ఒంటికి పడే తిండి, ఊరికి పడే తిండి

మన ఇళ్లల్లో "పడదు" అనే మాటకున్న అధికారం ఇంతా అంతా కాదు. "మా ఆయనకి వంకాయ పడదండీ", "మా అత్తయ్యకి రాత్రిపూట పెరుగు పడదు" అన్నామంటే ఇక దానిమీద అప్పీలు లేదు. డాక్టరుగారు చెప్పినా వినం. మరి తిండి పడటం, పడకపోవడం ఒంటిని బట్టేనా? ఊరిని బట్టి కూడా ఉంటుందా? దీనికి జవాబు నల్గొండ జిల్లా చరిత్రలో ఉంది. కాస్త ఓపిగ్గా వినండి.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద నకిరేకల్ దాటాక, సూర్యాపేట ఇంకా రాకముందు, కేతేపల్లి వస్తుంది. ఆ మండలంలోనే సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది. అది 1963లో పూర్తయింది. అంతకుముందు ఈ మెట్ట ప్రాంతంలో బీదవాడి కంచంలో కనిపించేవి జొన్నలు, సజ్జలే. పొద్దున అంబలి, మధ్యాహ్నం గటక, రాత్రికి రొట్టె, పక్కన ఇంత తొక్కో, పచ్చిపులుసో. వరి అన్నమంటే పండగనాటి ముచ్చట. మూసీ నీళ్లొచ్చాయి, 1967లో నాగార్జునసాగర్ కాలవలొచ్చాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాంతో గటక పొయ్యి దిగి, అన్నం గిన్నె ఎక్కింది.

"జొన్నలు తిన్న రోజుల్లో మనుషులు ఉక్కుముక్కల్లా ఉండేవాళ్లు" అని పెద్దవాళ్లు అంటూంటారు. ఇది సగం నిజం. మిగతా సగం హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి తెలుసు. ఈ సంస్థ పుట్టుకే తిండి కథ! 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి మెకారిసన్ అనే దొర ఒక చిన్న గదిలో దీన్ని మొదలుపెట్టాడు. మరపట్టి తెల్లగా చేసిన బియ్యమే లోకమనుకుని బతికేవాళ్లకి, తవుడుతోపాటు బి1 విటమిను పోయి వచ్చే జబ్బు అది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకి మారింది.

ఇక్కడికొచ్చాక శాస్త్రజ్ఞుల దృష్టి జొన్నల మీద పడింది. జొన్నే ప్రధానంగా తినే పేదల్లో కొందరికి మెడ మీదా, చేతుల మీదా ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. అదే పెల్లాగ్రా. అంతకుముందు ప్రపంచానికి అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బుగానే తెలుసు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 1914 నుంచి గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు తిరిగి తిరిగి, అది అంటువ్యాధి కాదు, తిండి లోపమని తేల్చాడు. 1960లో గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే పదార్థం దీనికి కారణం కావచ్చన్నారు. దానిమీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. కానీ ఒక సంగతి మాత్రం నిలిచింది: జొన్నతోపాటు పప్పు, పాలు, పల్లీలు తినేవాళ్ల జోలికి ఆ జబ్బు రాదు. అంటే తప్పు జొన్నది కాదు, ఒంటరి జొన్నది.

ఇక నీళ్ల సంగతి. బావి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు గారపట్టడం, నడుం వంగిపోవడం 1937లో నెల్లూరు ప్రాంతంలో బయటపడింది. నల్గొండ జిల్లా సంగతి 1955లో సిద్దిఖీ అనే డాక్టరు బ్రిటిష్ వైద్య పత్రికలో రాశారు. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఇంకో ఘోరాన్ని లోకానికి చూపించారు. ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగి, ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. నిలబడాల్సిన వయసులో కాళ్లు వంకరపోతే ఆ తల్లుల గుండె ఎలా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్యగార్ల పరిశీలనలో ఒక చిత్రం తేలింది. ఫ్లోరైడు ఒంట్లో నిలవుండటం అన్నం తిన్నప్పటికంటే జొన్న తిన్నప్పుడు ఎక్కువట! చూశారా? మంచి నీళ్లున్న ఊళ్లో బలమిచ్చే గింజే, చెడ్డ నీళ్లున్న ఊళ్లో అదనపు బరువైంది. తిండి పడటమనేది కంచంలో ఒక్కటే తేలదు, పక్కన పెట్టిన చెంబు కూడా చెప్పాలన్నమాట.

మరి దీనికి విరుగుడు? పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే విధానాన్ని నాగపూరు నీరీ సంస్థ రూపొందించింది. దానికి "నల్గొండ పద్ధతి" అనే పేరు స్థిరపడి, ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. రెండో విరుగుడు మన వంటింట్లోనే ఉంది. 2002లో అచ్చయిన పోషకాహార సంస్థ పరిశీలనలో, బడిపిల్లలకి రోజుకి 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెడితే, మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయింది. గటకలో పచ్చిపులుసు పోసుకున్న నల్గొండ అవ్వకి ఈ లెక్కలేవీ తెలియవు. కానీ చెయ్యి సరైన చోటికే వెళ్లింది! అలాగని పులుసు పోసుకుని చెడ్డ నీళ్లు తాగమని కాదు సుమండీ. మంచి నీళ్లే అసలు మందు. పులుసు తోడు మాత్రమే.

ఇంతకీ మన ఒంట్లో ఓపిక ఎక్కణ్ణుంచి రావాలి? ఈ చరిత్రంతా చెప్పేది ఒక్కటే: ఏ గింజనీ దేవుణ్ణి చెయ్యొద్దు, ఏ గింజనీ దయ్యాన్ని చెయ్యొద్దు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది కదా అని మూడుపూటలా రొట్టెలే తిననక్కరలేదు. వారానికి రెండు మూడుసార్లు జొన్నరొట్టె, అందులోకి పప్పు, పుంటికూర. ఎముకలకి తైదల జావ. వంద గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, తెల్ల బియ్యంలో పది దాకానే. అన్నం తింటూనే టీ తాగితే కూరలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. ఓ గంట ఆగితే సరి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండితే ఆ ఇనుమే ఇంకా బాగా పడుతుంది. బోరు నీళ్లు తాగే ఊరైతే ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. లీటరుకి ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

చివరిగా ఒక్క మాట. ఇంట్లో ఎవరికేం పడదో వేళ్లమీద లెక్కచెప్పే ఇల్లాలిని "మరి నీకేం పడుతుందమ్మా?" అని అడిగితే, సాధారణంగా జవాబుండదు. అందరూ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అదే ఆవిడకి పడుతుంది! మధ్యాహ్నానికే నీరసం ముంచుకొచ్చిందని ఆశ్చర్యపోవడమెందుకు? పప్పూ కూరా పొయ్యి దించగానే ముందు మీ వాటా ఓ గిన్నెలో తీసి పెట్టుకోండి. ఆ గిన్నె మీద మూత పెట్టండి. దాని జోలికి ఎవరైనా వస్తే, మనకి బాగా అలవాటైన మాటే ఉంది కదా: "అది మీకు పడదు!"